యుద్ధం ముగిసిన దేశానికి రాజ్యాంగం రాయడం ఎలా? పర్లాకిమిడి ఆదివారం తరగతి నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మేం ఆదివారాలు పౌరశాస్త్రం తరగతి ఒకటి నడుపుతున్నాం. బరంపురం నుంచి, గుణుపురం నుంచి, మహేంద్రతనయ నది దాటితే వచ్చే పాతపట్నం నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. "మాస్టారూ, రాజ్యాంగం రాసే ఆ అభ్యాసం మా పిల్లలతో ఎలా చేయించాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?" అని. ఫోన్లో ముక్కలుగా చెబితే సగం మిగిలిపోతోంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

అభ్యాసం ఇది. ఒక ఊహాదేశం. పదేళ్ల అంతర్యుద్ధం ఈమధ్యే ఆగింది. ఉత్తరాన ఒక భాష, దక్షిణాన మరొకటి, కొండల మీద ఆ రెంటికీ చెందని మూడో జనం. మధ్యలో నది. మీ దగ్గర 24 మంది ఉన్నారు, 12 ఆదివారాలు ఉన్నాయి. అవి అయ్యేసరికి ముసాయిదా చేతిలో ఉండాలి.

డిగ్రీ పిల్లలకు, లా చదివేవాళ్లకు, గ్రంథాలయాల్లో చర్చావేదికలు నడిపేవాళ్లకు ఇది పనికొస్తుంది. నిజం దేశాల్లో ఏం జరిగిందో అవసరమైనచోట చెబుతాను. ఊహాదేశంలో మనం చేసే తప్పులు చాలావరకు నిజం దేశాలు చేసినవే.

ముందే ఒక పరీక్ష గుర్తు పెట్టుకోండి. ప్రతి దశలోనూ దాన్నే వాడతాం. రాసిన ప్రతి అధికరణాన్ని ఓడినవాడి కుర్చీలో కూర్చుని చదవాలి. అంటే ఓటింగులో ఓడినవాడు, ఎన్నికల్లో ఓడినవాడు, ఆఫీసు గుమ్మం దగ్గర పని కానివాడు. "ఇప్పుడు నేను ఎవరి దగ్గరకు వెళ్లాలి? ఎన్ని రోజుల్లో జవాబు వస్తుంది? ఏ భాషలో?" అన్న మూడు ప్రశ్నలకు ఆ అధికరణంలో జవాబు దొరకకపోతే అది ఇంకా పూర్తి కాలేదు.

## 1. కలం ముట్టకముందు సిద్ధం చేసుకోవాల్సినవి (1, 2 ఆదివారాలు)

మొదటిసారి ఈ అభ్యాసం పెట్టినప్పుడు నేరుగా పీఠికతో మొదలుపెట్టాం. నాలుగు ఆదివారాలు పీఠికకే పోయాయి. "సోదరభావం" అనాలా "సహజీవనం" అనాలా అని పిల్లలు గొంతులు చించుకున్నారు. అధికారం ఎవరిదో, పోలీసు ఎవరి మాట వినాలో ఒక్క వాక్యం కూడా రాయకుండానే సెలవులు వచ్చేశాయి. ఆ తప్పు మీరు చేయకండి.

ముందు నాలుగు కాగితాలు తయారు చేయండి.

పటం. నది, రోడ్లు, గనులు, ఓడరేవు, యుద్ధంలో చేతులు మారిన ఊళ్లు. ఎవరి ఆధీనంలో ఏముందో రంగులతో గుర్తించండి. ఎవరిదో తేలని ఊళ్లకు వేరే రంగు వేయండి. ఆ రంగుతో 8వ దశలో పని ఉంది.

జనం లెక్క. ఏ భాషవాళ్లు ఎంతమంది, ఎక్కడ. ఉత్తరాన ఉన్న దక్షిణ భాషవాళ్లను, దక్షిణాన ఉన్న ఉత్తర భాషవాళ్లను తప్పకుండా విడిగా చూపించండి. ఒడిశాలో తెలుగువాళ్లం కాబట్టి ఈ గడి ఎంత ముఖ్యమో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. గీత ఎక్కడ గీసినా కొంతమంది తప్పువైపు మిగిలిపోతారు.

ఫిర్యాదుల పుస్తకం. మూడు పక్షాలూ విడివిడిగా కూర్చుని "యుద్ధం ఎందుకు వచ్చింది?" అన్నదానికి పదేసి కారణాలు రాయాలి. ఒకరి పుస్తకాన్ని ఇంకొకరు దిద్దకూడదు. తర్వాత ముసాయిదా పూర్తయ్యాక ప్రతి ఫిర్యాదుకు ఎదురుగా ఏ అధికరణం జవాబు చెబుతోందో నంబరు వేస్తారు.

శాంతి ఒప్పందం. ఒక పేజీ చాలు. కాల్పుల విరమణ తేదీ, ఆయుధాలు ఎక్కడ పెట్టారు, ఖైదీల మాటేమిటి. దీన్ని రాజ్యాంగంతో కలపకండి. బోస్నియాలో రాజ్యాంగం 1995 నాటి డేటన్ శాంతి ఒప్పందంలో 4వ అనుబంధంగా వచ్చింది. యుద్ధం ఆపడానికి అది పనికొచ్చింది. కానీ కాల్పులు ఆపడానికి చేసుకున్న సర్దుబాట్లే దేశానికి శాశ్వత నియమాలైపోయాయి, వాటిని మార్చుకోవడం ఈరోజుకీ వాళ్లకు కష్టంగానే ఉంది.

సరిచూసుకోండి:
- పటంలో తేలని ఊళ్లకు వేరే రంగు ఉందా?
- మూడో జనం ఫిర్యాదుల పుస్తకం వాళ్లే రాశారా, వేరేవాళ్లు రాసిపెట్టారా?
- శాంతి ఒప్పందం వేరే కాగితం మీద ఉందా?

## 2. పాత్రలు పంచడం

24 మందిలో ఉత్తరానికి 11, దక్షిణానికి 9, కొండ జనానికి 4. చీటీలు తీయించండి. తమ ఇంటి భాషకు దగ్గరగా ఉన్న పాత్ర ఎవరికైనా పడితే మార్చండి. తెలుగు పిల్లలు ఎప్పుడూ అల్పసంఖ్యాకుల పాత్రే కోరుకుంటారు. వాళ్లను ఉత్తరంలో, ఎక్కువమంది ఉన్న పక్షంలో కూర్చోబెట్టండి. చేతిలో మెజారిటీ ఉన్నప్పుడు ఎంత తేలిగ్గా పెదవి విరుస్తామో వాళ్లకే తెలిసొస్తుంది.

ఈ 24 మందిలో ముగ్గురు ముసాయిదా సంఘం. కలం వాళ్ల చేతిలోనే ఉండాలి. సభలో అందరూ కలిసి వాక్యాలు రాయడం కుదరదు. మన రాజ్యాంగ సభ కూడా 1947 ఆగస్టు 29న ఏడుగురితో ముసాయిదా సంఘం వేసింది. అప్పటికే సభ రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు గారు తొలి ముసాయిదా పని మీద ఉన్నారు. ఆ సంఘంలో తర్వాత చేరిన న్యాపతి మాధవరావు గారు సభలో ఒరిస్సా సంస్థానాల ప్రతినిధి. మన పిల్లలకు ఈ మాట చెప్పండి, కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుంటారు.

వీళ్లు కాక ఇద్దరు పరిశీలకులు కావాలి. మినిట్స్ రాయడం ఒకరి పని, గడువులు చూడడం ఇంకొకరి పని. వీళ్లకు ఓటు ఉండదు.

## 3. నియమాల కాగితం: ఎలా నిర్ణయించాలో ముందు నిర్ణయించండి (3వ ఆదివారం)

అన్నిటికంటే ఎక్కువ ఓపిక ఇక్కడే కావాలి. ఏం రాయాలన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక మాట "ఆమోదం పొందింది" అనడానికి ఏం కావాలో తేల్చండి. గొడవ మొదలయ్యాక నియమం రాస్తే, ఆ గొడవలో గెలవడానికి పనికొచ్చే నియమమే ప్రతివాడూ అడుగుతాడు.

లెక్క చూద్దాం. 24లో మూడింట రెండు వంతులంటే 16. ఉత్తరం, దక్షిణం కలిస్తే 20. అంటే కొండ జనం నలుగురూ వద్దన్నా ముసాయిదా నెగ్గిపోతుంది. "మూడింట రెండు వంతులు" అనగానే న్యాయంగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, ఆ నలుగురి కుర్చీలోంచి చూస్తే దాంట్లో వాళ్లకు దక్కేదేమీ లేదు.

నేపాల్‌లో 2015 సెప్టెంబరులో రాజ్యాంగ సభ సభ్యులు 598 మందిలో 507 మంది అనుకూలంగా ఓటేశారు. మూడింట రెండు వంతుల కంటే చాలా ఎక్కువే. కానీ దక్షిణ మైదానమైన తరాయి ప్రాంతపు మధేసీ పార్టీలు ఓటింగును బహిష్కరించాయి. నెలల తరబడి ఆందోళన, సరిహద్దు దగ్గర లారీలు ఆగిపోవడం, పెట్రోలుకు, మందులకు కటకట. 2016 జనవరిలోనే మొదటి సవరణ చేయాల్సి వచ్చింది.

అందుకే మేం జంట షరతు పెట్టుకున్నాం. మొత్తం 16 ఓట్లు రావాలి, ప్రతి పక్షంలోనూ కనీసం సగం మంది ఒప్పుకోవాలి. ఉత్తరంలో 6, దక్షిణంలో 5, కొండల్లో 2.

దీంతో ఇంకో చిక్కు వస్తుంది. ప్రతి పక్షానికీ అడ్డుకునే శక్తి వచ్చేస్తుంది. కాబట్టి పీటముడి పడితే విప్పే దారి కూడా ఇదే కాగితంలో ఉండాలి. దక్షిణాఫ్రికా 1993 తాత్కాలిక రాజ్యాంగంలో ఈ దారిని మెట్లుమెట్లుగా రాసుకుంది. సభలో మూడింట రెండు వంతులు రాకపోతే నిపుణుల సంఘానికి, అక్కడా తేలకపోతే 60 శాతం మద్దతు కావాల్సిన ప్రజాభిప్రాయ సేకరణకు. చివరికి అంతదాకా వెళ్లాల్సిన అవసరం రాలేదు. దారి ముందే రాసి ఉండడం వల్ల ఎవరూ బెదిరించి సాధించుకునే వీలు లేకపోయింది.

మా మెట్లు ఇవి:
1. గొడవ పడ్డ అంశాన్ని పక్షానికి ఇద్దరు చొప్పున ఆరుగురి సంఘానికి పంపాలి. గడువు ఒక వారం.
2. ఆరుగురూ ఒక్కటే ప్రతిపాదన తేవాలి. రెండు తెస్తే తిరిగి పంపాలి.
3. అప్పటికీ తేలకపోతే ఆ అంశానికి రెండేళ్ల తాత్కాలిక ఏర్పాటు రాసి, గడువు ముగిసే తేదీ వేయాలి.

గడువు గురించి ఒక హెచ్చరిక. మరీ తక్కువైనా ప్రమాదమే, సాగదీసినా ప్రమాదమే. ఇరాక్ 2005లో నెలల్లో ముగించాలని పరుగెత్తింది. నేపాల్ మొదటి రాజ్యాంగ సభ 601 మందితో 2008లో కూర్చుంది. రెండేళ్ల గడువును పదేపదే పొడిగించుకుంటూ పోయి, 2012 మే 28న రాజ్యాంగం లేకుండానే రద్దయింది. మీ కాగితంలో ఒక్క పొడిగింపుకే చోటివ్వండి. ఎన్ని రోజులో కూడా ఇప్పుడే రాయండి.

సరిచూసుకోండి:
- కోరం, అంటే సభ సాగడానికి ఉండాల్సిన కనీస సంఖ్య, ఎంత? ఒక పక్షం వాకౌట్ చేస్తే సభ సాగుతుందా?
- ఓటు బహిరంగమా, రహస్యమా?
- ఒకసారి తేలిన అంశాన్ని తిరిగి తెరవాలంటే ఎన్ని ఓట్లు కావాలి?
- మినిట్స్ మూడు భాషల్లోనూ వస్తున్నాయా?

## 4. పది సూత్రాలు (4వ ఆదివారం)

ఇంకా అధికరణాలు వద్దు. పది వాక్యాలు రాయండి. "దేశం ఒకటే." "ఏ భాషవాడైనా ఏ ప్రాంతంలోనైనా ఉండవచ్చు." "సైన్యం ఏ పార్టీదీ కాదు." ఇలా.

దక్షిణాఫ్రికాలో 34 సూత్రాలు ముందే ఒప్పుకుని, ఆ తర్వాతే ఎన్నికైన సభ రాజ్యాంగం రాసింది. రాసిన పాఠాన్ని రాజ్యాంగ న్యాయస్థానం ఆ సూత్రాలతో పోల్చి చూసి, 1996 సెప్టెంబరులో కొన్ని అంశాలు సరిపోలేదని వెనక్కి పంపింది. దిద్దాక డిసెంబరులో ఆమోదించింది. మీ దగ్గర ఆ కోర్టు పని పరిశీలకులిద్దరూ చేయవచ్చు.

సూత్రాలు పది దాటనివ్వకండి.

## 5. వరుస: ఏది ముందు, ఏది తర్వాత (5 నుంచి 9 ఆదివారాలు)

మేం రెండుమూడు రకాలుగా చేసి చూశాక కుదిరిన వరుస ఇది:

- హక్కులు, కోర్టు
- భాష
- అధికార పంపకం
- సరిహద్దులు, తేలని ఊళ్లు
- సైన్యం, పోలీసు, క్షమాభిక్ష
- డబ్బు
- సవరణ విధానం
- మార్పు కాలపు నిబంధనలు
- పీఠిక

హక్కులూ కోర్టూ ముందు ఎందుకంటే, తర్వాతి గొడవల్లో ఓడిపోయే పక్షానికి వెళ్లడానికి ఒక చోటు ఉందన్న ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఉంటే భాష దగ్గర, అధికారం దగ్గర కొంచెం పట్టు విడుస్తారు. న్యాయమూర్తుల నియామకం ఒక్క పక్షం చేతిలో పడకుండా చూసుకోండి. పీఠిక చివరికి.

## 6. భాష: ఇక్కడ తొందరపడకండి

మా నాన్నగారికి తెలుగు తప్ప వేరే లిపి రాదు. మా పొలం హద్దు గురించి ఒక ఆఫీసు నుంచి ఒడియాలో నోటీసు వచ్చింది. ఎవరితోనో చదివించుకుందామని జేబులో పెట్టుకు తిరిగారు. చదివి చెప్పే మనిషి దొరికేసరికి విచారణ తేదీ దాటిపోయింది. ఎవరూ ఆయన మీద కక్ష కట్టలేదు. చట్టం ప్రకారం నోటీసు అందింది, అంతే. భాష మీద అధికరణం రాసేటప్పుడు ఆ జేబులోని కాగితమే నాకు గుర్తొస్తుంది.

మన రాజ్యాంగంలోని రెండు అధికరణాలు పిల్లల ముందు పెట్టండి. 350వ అధికరణం ప్రకారం కష్టం చెప్పుకునే అర్జీని కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా పెట్టుకోవచ్చు. మంచి హక్కే. కానీ జవాబు ఏ భాషలో రావాలో అందులో లేదు. 1956లో ఏడో సవరణతో వచ్చిన 350ఎ, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించే ప్రయత్నం చేయాలంటుంది. "ప్రయత్నం" అన్న ఆ ఒక్క మాట కింద గీత గీయించండి. ప్రయత్నించాం, టీచరు దొరకలేదు అంటే వ్యవహారం అక్కడితో ముగుస్తుంది. సరిహద్దు జిల్లాల్లో తెలుగు బడి కోసం తిరిగిన తల్లిదండ్రులకు ఈ మాట బరువు తెలుసు.

కాబట్టి మీ ముసాయిదాలో భాష కింద ఈ ఐదూ విడివిడిగా రాయండి:
- అర్జీ ఏ భాషలో పెట్టవచ్చు, జవాబు ఏ భాషలో రావాలి
- కోర్టు నోటీసు ఏ భాషలో ఉండాలి. అర్థంకాని భాషలో ఇస్తే గడువు ఎప్పటి నుంచి లెక్క
- బడి ఎంతమంది పిల్లలుంటే పెట్టాలి, ఏ తరగతి వరకు
- ఉద్యోగ పరీక్ష ఏ భాషల్లో
- రాజ్యాంగం అనువాదాల మధ్య తేడా వస్తే ఏది చెల్లుతుంది

శ్రీలంక 1956లో సింహళాన్ని ఒక్కదాన్నే అధికార భాష చేసింది. ఉద్యోగాల్లో ఉన్న తమిళులకు అది వెంటనే తగిలింది. తర్వాత మార్పులు వచ్చాయి గానీ, మధ్యలో పోయిన నమ్మకం దశాబ్దాల యుద్ధంగా తిరిగొచ్చింది. దక్షిణాఫ్రికా 1996లో 11 భాషలను అధికార భాషలుగా రాసుకుంది. అన్నిట్లో పని నడపడం కష్టమేనని నేనూ ఒప్పుకుంటాను. అయినా ఏ భాష ఏ పనికి అని విడగొట్టి రాసుకుంటే కష్టం చాలా తగ్గుతుంది.

మా తరగతిలో ఇక్కడే పెద్ద దెబ్బ తగిలింది. ఉత్తరం భాష, దక్షిణం భాష మీద మూడు గంటలు వాదించి, ఎంతో చక్కగా రాసుకున్నాం. చివర ఒక వాక్యం తగిలించాం: "ఇతర భాషలను గౌరవించాలి." కొండ జనం పాత్ర వేసిన, సవర తెగకు చెందిన అమ్మాయి ఒకతె లేచింది. చీటీ అలా పడింది, మార్చమంటే తనే వద్దంది. "మరి మా సంగతేటి మాస్టారూ? గౌరవిస్తే నోటీసు చదవగలమా?" అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, పుస్తకాలు రాసిన ఊరు మాది. అదే ఊళ్లో కూర్చుని సవరలను "ఇతర" అన్న మాటలో కలిపేశాం. నాకు చాలా సిగ్గేసింది.

తప్పు: ముసాయిదాలో "ఇతరులు" అన్న మాట.
సరిదిద్దడం: ఆ మాట కనిపించిన ప్రతిచోటా ఆగి, ఎవరో పేరు రాయండి. షెడ్యూలు పెట్టి అందులో భాషలన్నిటి జాబితా ఇవ్వండి, కొత్తవి చేర్చే పద్ధతి కూడా చెప్పండి.

## 7. అధికార పంపకం, వీటో

పక్షాలకు కుర్చీలు పంచడం అందరికీ ముందు తోచే ఉపాయం. అధ్యక్షుడు వీళ్లలోంచి, ఉపాధ్యక్షుడు వాళ్లలోంచి, ఉద్యోగాలు ఇంత శాతం. సైప్రస్ 1960లో ఇలాగే చేసింది. గ్రీకు సైప్రియట్ అధ్యక్షుడు, టర్కిష్ సైప్రియట్ ఉపాధ్యక్షుడు, ప్రభుత్వ ఉద్యోగాలు 70:30, సైన్యం 60:40. పన్నుల చట్టానికి రెండు పక్షాల సభ్యులూ విడివిడిగా మెజారిటీ ఇవ్వాలి. మూడేళ్లు దాటేసరికి, 1963 చివరికి అంతా ఆగిపోయి హింస మొదలైంది.

బోస్నియాలో ముగ్గురు సభ్యుల అధ్యక్ష మండలి ఉంది. ఒక బోస్నియాక్, ఒక క్రొయాట్, ఒక సెర్బ్. ఈ మూడింటిలో ఏదీ కాని యూదులు, రోమాలు (జిప్సీలు) పోటీకే అనర్హులు. ఇది వివక్ష అని 2009లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తేల్చింది. మా సవర అమ్మాయి అడిగిన ప్రశ్నే అది.

మరి కోటాలు అసలు వద్దా? యుద్ధం ఆగిన మొదటి ఏళ్లలో కావాలనే నా అభిప్రాయం. అవి లేకుండా ఓడిన పక్షం సభలోకే రాదు. కానీ మూడు కట్లు వేయాలి.

మొదటిది, గడువు. రెండు ఎన్నికల తర్వాత కోటా దానంతట అదే పోవాలి. కొనసాగించాలంటే కొత్తగా ఓటు వేయాలి. గడువు లేని కోటాను తీసేయడానికి, దాని వల్ల లాభపడేవాళ్లే ఓటు వేయాల్సి వస్తుంది. అది జరిగే పని కాదు.

రెండోది, వీటోకు, అంటే ఒక పక్షం ఒక్కటే నిర్ణయాన్ని ఆపేసే హక్కుకు, జాబితా. ఏ విషయాల్లో వీటో వాడవచ్చో పేరుపేరునా రాయండి. భాష, బడి, భూమి, మతం, అంతే. "ముఖ్య ప్రయోజనాలు" అని వదిలేస్తే రోడ్డు కాంట్రాక్టు కూడా ముఖ్య ప్రయోజనమే అవుతుంది.

మూడోది, ఒకరు అలిగి వెళ్లిపోతే ప్రభుత్వం ఆగకూడదు. ఉత్తర ఐర్లండ్‌లో 1998 ఒప్పందం ప్రకారం ఇద్దరు నాయకులు జంటగా పదవిలో ఉంటారు. ఒకరు రాజీనామా చేస్తే రెండోవారి పదవీ పోతుంది. దీంతో 2017 నుంచి 2020 వరకు, మళ్లీ 2022 నుంచి 2024 వరకు అక్కడ ప్రభుత్వం లేకుండా గడిచింది. మీ ముసాయిదాలో "ఖాళీ అయిన 30 రోజుల్లో ఆ పక్షం పేరు ఇవ్వకపోతే తర్వాతి పెద్ద పక్షానికి అవకాశం" లాంటి వాక్యం పెట్టండి.

## 8. తేలని ఊళ్లు

పటంలో వేరే రంగు వేసిన ఊళ్లను ఇప్పుడు తీయండి.

కొరాపుట్ జిల్లా కొటియా ఊళ్ల సంగతి మన పిల్లలకు తెలుసు. ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇప్పటికీ ఆ ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటున్నాయి, 2021లో అక్కడి కొన్ని ఊళ్లలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు కూడా జరిపింది. అటు చంద్రపూర్ జిల్లా జీవతి వైపు, మహారాష్ట్ర-తెలంగాణ మధ్య 14 ఊళ్లది కూడా ఇదే కథ. ఇవి శాంతిగా ఉన్న దేశంలో రాష్ట్రాల మధ్య తగాదాలు. యుద్ధం చేసి వచ్చిన రెండు పక్షాల మధ్య ఇలాంటి ఊరు ఎంత ప్రమాదమో దీన్నిబట్టి చెప్పండి.

ఇరాక్ 2005 రాజ్యాంగంలో 140వ అధికరణం ఉంది. కుర్దులకూ బాగ్దాద్ ప్రభుత్వానికీ మధ్య తగాదా ఉన్న కిర్కుక్ ఎవరిదో జనగణన చేసి, ప్రజల అభిప్రాయం అడిగి, 2007 డిసెంబరు 31లోగా తేల్చాలి. తేదీ దాటిపోయింది, తేలలేదు. తేదీ దాటితే ఏమవుతుందో ఆ అధికరణంలో లేకపోవడమే అసలు లోపం.

అందుకని తేలని ఊరి మీద రాసే ప్రతి అధికరణంలో నాలుగు వాక్యాలు ఉండాలి: ఎవరు తేలుస్తారు, ఏ తేదీలోగా, ఆ తేదీ దాటితే ఏమవుతుంది, తేలేదాకా ఆ ఊళ్లో బడి, ఆస్పత్రి, రేషను ఎవరి బాధ్యత. నాలుగోదాన్ని అందరూ మరిచిపోతారు. ఊళ్లో ఉన్నవాళ్లకు రోజూ అవసరమయ్యేది అదొక్కటే.

## 9. తుపాకులు, డబ్బు, సవరణ

ఈ మూడూ ఒకే ఆదివారం కానిచ్చేయవచ్చు.

తుపాకులు: తిరుగుబాటు సైన్యంలో ఎంతమందిని జాతీయ సైన్యంలోకి తీసుకుంటారు, మిగతావాళ్లకు ఏమిస్తారు? నేపాల్‌లో ఐక్యరాజ్య సమితి 19,602 మంది మావోయిస్టు యోధులను గుర్తించింది. చివరికి సైన్యంలో చేరింది సుమారు 1,400 మంది. చాలామంది డబ్బు తీసుకుని ఇంటికి వెళ్లారు. సంఖ్య, దారి రెండూ షెడ్యూల్లో రాయండి. క్షమాభిక్ష ఇస్తే ఏ నేరాలకు వర్తించదో కూడా రాయండి, బాధితులు వినిపించుకునే వేదిక చూపించండి.

డబ్బు: గనుల ఆదాయం, ఓడరేవు సుంకం ఎవరికి ఎంత. శాతం రాజ్యాంగంలో పెట్టకండి, ఐదేళ్లకోసారి పంచే ఆర్థిక సంఘాన్ని పెట్టండి.

సవరణ: భాష, కోర్టు, మూడో జనం హక్కుల మీద సవరణకు 3వ దశలోని జంట షరతే పెట్టండి. మిగతావాటికి మూడింట రెండు వంతులు చాలు.

## 10. వాక్యం రాసే పద్ధతి (10వ ఆదివారం)

తెలుగులో రాసేటప్పుడు వచ్చే చిక్కులు వేరు. ముసాయిదా సంఘానికి ఇవి విడిగా చెప్పండి.

"బడును" తీసేయండి. "న్యాయమూర్తులు నియమించబడుదురు" అంటే ఎవరు నియమిస్తారో తెలియదు. కర్తను బయటికి లాగండి: "న్యాయమూర్తులను ఏడుగురి సంఘం నియమించాలి." మా పాత ముసాయిదాలో "బడు" ఉన్న ప్రతి వాక్యంలోనూ, ఎవరు చేయాలో ఒప్పుకోలేక వదిలేసిన గొడవ ఒకటి దాక్కుని ఉంది.

"చేయాలి", "చేయవచ్చు" కలిపేయకండి. మొదటిది బాధ్యత, రెండోది ఇష్టం. ఎర్ర పెన్నుతో ఒకటి, నీలం పెన్నుతో ఒకటి చుట్టండి. హక్కుల అధ్యాయం నిండా నీలమే కనిపిస్తే తిరిగి రాయండి.

"తగిన", "వీలైనంత", "యథాశక్తి". వీటి పక్కన రోజులు, సంఖ్య, బాధ్యుడి పేరు పెట్టండి.

ఒక వాక్యంలో ఒకే పని. రెండు పనులుంటే రెండు ఉపవాక్యాలు, రెండు నంబర్లు.

బయటికి చదివి వినిపించండి. ఎనిమిదో తరగతి పిల్ల విని తన మాటల్లో చెప్పగలగాలి. చెప్పలేకపోతే తప్పు వాక్యానిది.

పీఠిక ఇప్పుడు రాయండి. అప్పుడొక మంచి ప్రశ్న వస్తుంది. మన రాజ్యాంగం తెలుగు పాఠంలో పీఠిక "మేము" అంటుంది. విభజిత దేశానికి "మేము" రాయాలా, "మనం" రాయాలా? ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. తెలుగులో "మేము" అంటే వినేవాడు బయట ఉన్నాడు, "మనం" అంటే వినేవాడూ లోపలే. లోకానికి చెప్పుకునే ప్రకటన కాబట్టి "మేము" అనాలని మా ఉత్తరం పక్షం వాదించింది. నిన్నటిదాకా ఒకరినొకరు చంపుకున్నవాళ్లు ముందు ఒకరికొకరు చెప్పుకోవాలి, కాబట్టి "మనం" అనాలని కొండ పక్షం అంది. ఓటులో "మనం" నెగ్గింది. మీ పిల్లలు వేరేలా తేల్చవచ్చు. వాదన మాత్రం జరగనివ్వండి.

## 11. జనంలోకి తీసుకెళ్లడం (11వ ఆదివారం)

మన దేశంలో ముసాయిదాను 1948 ఫిబ్రవరిలో ప్రచురించి, జనం చదివి అభిప్రాయం చెప్పడానికి నెలల సమయం ఇచ్చారు. దక్షిణాఫ్రికాలో పౌరుల నుంచి సుమారు 20 లక్షల వినతులు వచ్చాయి.

మీరు సంతకు వెళ్లండి. 12 పేజీల ముసాయిదాను రెండు పేజీలకు కుదించి, మూడు భాషల్లో ప్రింట్లు తీయించి పంచండి. "మీకు నచ్చిందా?" అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. ఒక సమస్య చెప్పండి: "మీ పొలం పక్క రాష్ట్రం వాళ్లు ఆక్రమించారు. ఈ కాగితం చూసి ఎక్కడికి వెళ్తారో చూపించండి." వేలు ఎక్కడ పెడతారో గమనించండి. వేలు పెట్టలేకపోతే ఆ అధికరణం నంబరు రాసుకోండి.

మా సంతలో కూరగాయలమ్మే ఒక ఆమె కాగితం వెనక్కీ ముందుకీ తిప్పి, "ఆఫీసుకు వెళ్లమన్నారు బాగానే ఉంది బాబూ, రానుపోను బస్సు చార్జీ ఎవరిస్తారు?" అంది. ఫిర్యాదులు మండల కేంద్రంలోనే తీసుకోవాలన్న వాక్యం ఆమె వల్ల చేరింది.

సరిచూసుకోండి:
- వచ్చిన ప్రతి అభ్యంతరానికీ ఒప్పుకున్నామా, లేదా, ఎందుకు అని రాతలో జవాబు ఉందా?
- ఆడవాళ్లు ఎంతమంది మాట్లాడారు?

## 12. ఓటు, ఆ తర్వాత (12వ ఆదివారం)

3వ దశలో రాసుకున్న జంట షరతు ప్రకారం ఓటు పెట్టండి. ప్రజల ఓటు కూడా పెట్టదలిస్తే ప్రాంతాలవారీగా లెక్క ఎలాగో ముందే చెప్పండి. ఇరాక్‌లో 2005 అక్టోబరులో మూడు ప్రావిన్సుల్లో మూడింట రెండు వంతులు వద్దంటే రాజ్యాంగం పడిపోయే నియమం ఉంది. సున్నీలు ఎక్కువగా ఉన్న అన్బార్, సలాహుద్దీన్ గట్టిగా వద్దన్నాయి. మూడోదైన నినెవాలో వద్దన్నవాళ్లు 55 శాతమే. దాంతో రాజ్యాంగం నెగ్గింది, సున్నీల కోపం మిగిలింది. మీ ఊహాదేశంలో ఇలా అంచు మీద నెగ్గితే సంబరం చేయనివ్వకండి. ఓడిన పక్షాన్ని పిలిచి ఏ మూడు అధికరణాలు మింగుడుపడలేదో రాయించండి. మొదటి సవరణకు అవే సరుకు.

ఆఖరున అమలు షెడ్యూలు అతికించండి. మొదటి ఎన్నిక ఏ తేదీ, కోర్టు ఎప్పుడు కూర్చుంటుంది, పాత చట్టాలు ఎప్పటిదాకా చెల్లుతాయి. ఎరిత్రియాలో 1997లో రాజ్యాంగం ఆమోదం పొందింది, ఇంతవరకు అమల్లోకి రాలేదు. అమలు తేదీ ప్రభుత్వం ప్రకటించే తేదీ కాకూడదు. క్యాలెండర్ తేదీ అయి ఉండాలి.

ఓటు అయ్యాక ఒక గంట మిగుల్చుకోండి. ఫిర్యాదుల పుస్తకాలు మూడూ తెరిచి, ప్రతి ఫిర్యాదుకు ఎదురుగా అధికరణం నంబరు వేయించండి. ఉత్తరం పుస్తకం దక్షిణం చేతికి, దక్షిణం పుస్తకం కొండ జనం చేతికి, కొండ జనం పుస్తకం ఉత్తరం చేతికి ఇచ్చి వేయించాలి. నంబరు పడని ఫిర్యాదులను విడి కాగితం మీద ఎక్కించి, తేదీ వేసి, 24 మంది చేతా సంతకాలు పెట్టించండి. మా కాగితం మీద పోయినసారి ఏడు మిగిలాయి. కొత్త బ్యాచ్ వచ్చే నెల ఆ ఏడింటితోనే మొదలుపెడుతోంది.